కౌంటు తగ్గిందంటే

మా ఆయన కాళ్ల మీద మచ్చలు మొదట చూసింది నేనే. మాది ఎమ్మిగనూరు. ఇంట్లో గుంట మగ్గం ఉంది. గుంటలోకి కాళ్లు దించి కూర్చొని తొక్కుతుంటే మోకాళ్ల కింద ఎక్కడో ఒకచోట అంచు తగులుతూనే ఉంటుంది. నేసేవాళ్ల కాళ్ల మీద మచ్చ ఉందంటే ఎవరూ పట్టించుకోరు. కానీ ఇవి వేరుగా ఉన్నాయి. నేరేడు పండు నలిపి పూసినట్టు ఒక్కొక్కటి అరచేతంత ఉంది. నాలుగు రోజులకు మోచేతి పైన కూడా ఒకటి వచ్చింది. మోచేతికీ గుంటకూ ఏం సంబంధం అని నాకు అనుమానం వచ్చింది.

"యాడ తగిలించుకున్నావు?" అని అడిగాను.

"యాడా లేదు. నువ్వే కొట్టినావేమో నిద్రలో" అని నవ్వాడు.

ఆ వారమే పొద్దున వేపపుల్ల నమిలి ఉమ్మితే ఎర్రగా వచ్చింది. పాదాల మీద సూదితో పొడిచినట్టు సన్నసన్నని ఎర్ర చుక్కలు లేచాయి. మా వీధిలో ఇంటికొచ్చి సూది వేసే డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఆయన ఆ చుక్కల మీద వేలు పెట్టి నొక్కి చూశాడు. నొక్కినా రంగు పోలేదు. "ఇది నా సేతిలో పని కాదన్నా, రక్తం పరీక్ష సేపిచ్చుకో" అని చీటీ రాసిచ్చాడు.

ల్యాబులో రక్తం తీసిన పిల్లోడు సాయంత్రం కాగితం ఇస్తూ, "కౌంటు బాగా తగ్గిందన్నా. రక్తం డాక్టరుకు సూపిచ్చుకోండి. ఆలస్యం సేయొద్దండి" అన్నాడు. మా వెనక ఇంకో పదిమంది నిలబడి ఉన్నారు. మేం పక్కకు జరిగాం.

 ఇంటికి వచ్చాక మా ఆయన అటక మీద నుంచి రెండు చిలపలు, అదే నూలు కట్టలు, దించి నా ముందు పెట్టాడు.

"ఇదెంత కౌంటు?"

"ఇరవై. దుప్పట్లది."

"ఇది?"

"ఎనభై. సీరలది."

"ఏది లావు?"

"ఇరవయ్యే లావు. సిన్నపిల్లను అడిగినట్ల అడుగుతావేంది?"

"మరి కౌంటు తగ్గితే ఏమైతాది?"

"నూలు లావైతాది."

"అంతే. నా రక్తం లావైంది. నరాల్లో సాగలేక ఆడాడ నిలబడిపోతాండాది. అందుకే మచ్చలు" అన్నాడు.

అది విన్నాక నాకు ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను. పుట్టినప్పటి నుంచి నూలు చూస్తున్నదాన్ని. కౌంటు ఎక్కువైతే సన్నం, తక్కువైతే లావు. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? మచ్చలు ఎందుకు వచ్చాయో కూడా దాంట్లోనే తేలిపోయింది. డాక్టరు చెప్పాల్సింది మా ఆయనే చెప్పాడని గొప్పగా కూడా అనిపించింది. లావైనదాన్ని పల్చన చేస్తే సరిపోతుంది కదా అనుకున్నాం. ఎదురింటి పెద్దాయనకు గుండెకు ఏదో గొట్టం వేశారు, రోజూ మధ్యాహ్నం ఒక చిన్న మాత్ర వేసుకుంటాడు. అది రక్తం పల్చబడే మాత్ర అని ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు. వెళ్లి అడిగి ఒక అట్ట తెచ్చింది నేనే. ఆ పని ఇంకెవరి మీదా తోయలేను.

మాత్రలు దొరికినా, రక్తం డాక్టరుకు చూపించమన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. ఎమ్మిగనూరులో సోమప్ప సర్కిల్ నుంచి బస్టాండు దాకా బోర్డులు చదువుకుంటూ నడిచాను. నేను కూడబలుక్కుని చదువుతాను కాబట్టి ఒక పూట పట్టింది. కంటికి ఉన్నారు, పంటికి ఉన్నారు, ఎముకలకు ఉన్నారు, పిల్లలకు ఉన్నారు. ఒంట్లో తల నుంచి కాలిగోటి దాకా తిరిగే రక్తానికి మాత్రం ఒక్క బోర్డు లేదు. ఇదేం వింత అనుకున్నాను. అంత పెద్దదాన్ని అందరూ మరిచిపోయారా?

ఆదోనిలో మా చెల్లెలు ఉంది. పత్తి మిల్లులో పని. ఎవరినైనా ఆపి ఏదైనా అడగడానికి దానికి మొహమాటం లేదు. మరునాడే మా ఆయనను బయలుదేరదీసి ఆదోని బస్సెక్కించాను. చెల్లెలు పనికి సెలవు పెట్టి బస్టాండులో కాచుకొని ఉంది. బావ చేతులు తిప్పి తిప్పి చూసి, "ఏం బావా, మా అక్క ఇంత గట్టిగా కొడతాదా?" అంది. ఆయన నవ్వలేదు.

అది ఆటోవాడిని పిలిచి, "రక్తం డాక్టరు కాడికి పోనీయన్నా" అంది. వాడు ఏమీ అడగకుండా తీసుకుపోయి ఒక ల్యాబు ముందు దించాడు. "రక్తం తీసేది ఈడనే కదక్కా" అన్నాడు. ల్యాబులోవాళ్లు, "రక్తం సంగతైతే బ్లడ్ బ్యాంకుకు పోండి" అన్నారు. అక్కడికి వెళ్తే తెల్ల కోటు వేసుకున్న అమ్మాయి మా ఆయనను పైకీ కిందికీ చూసి, "ఇచ్చేదానికి వచ్చినారా, తీసుకుపోయేదానికి వచ్చినారా?" అని అడిగింది.

"ఉండేది సూపిచ్చేదానికి వచ్చినాము" అంది మా చెల్లెలు.

చివరకు ఒక మందుల షాపులో దారి దొరికింది. గల్లా దగ్గర తెల్లగడ్డం సాయిబు ఒకాయన కూర్చొని ఉన్నాడు. మా కాగితం చూశాడు. ఒకసారి మా ఆయన కాళ్లు కూడా చూశాడు. "రక్తం డాక్టరని అడిగితే ఎవురికీ తెలీదమ్మా. దానికో పేరుంది. హెమటాలజిస్టు అని అడగండి" అన్నాడు.

"హేమా? ఆడ డాక్టరా?" అంది చెల్లెలు.

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "హేమ కాదు బేటీ, హెమ. హెమ అంటే రక్తమంట. ఆడ, మగ ఎవురైనా అయితారు." మందుల పెట్టె అట్ట చింపి, వెనక ఆ పేరు తెలుగులో రాసిచ్చాడు. నేను దాన్ని నాలుగుసార్లు చదివి కంఠతా పట్టాను. ఇంత సంగతి దాచుకున్న పదం నాకు అంతవరకూ ఎదురుపడలేదు. మామూలు పెద్ద డాక్టర్లలో కొందరు ఈ చదువు పైకి చదువుతారట. ప్రతి ఊర్లోనూ ఉండరట. ఆయనకు తెలిసి ఇద్దరున్నారు. ఒకరు కర్నూలులో రోజూ కూర్చుంటారు. ఇంకొకరు పెద్ద ఊరి నుంచి నెలకొకసారి ఆదోనికి వచ్చి ఒక నర్సింగ్ హోములో చూస్తారు. ఆ రోజు రావడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

"ఇద్దరిలో ఎవురు మంచోళ్లప్పా?" అని అడిగాను.

"నేను మందులమ్మేవాణ్ణి తల్లీ. ఇద్దరు రాసిందీ ఇస్తా. ఫికర్ పెట్టుకోకుండా ముందు కర్నూలుకు పోండి" అన్నాడు.

పోయాం. అక్కడ హాలు పెళ్లి భోజనాల దగ్గర మాదిరి నిండిపోయి ఉంది. బోర్డు మీద డాక్టరు పేరు కంటే చదువుల అక్షరాలే ఎక్కువ. నాలుగు గంటలు కూర్చున్నాం. ఊరికే కూర్చోలేక లోపల నుంచి వచ్చినవాళ్లను పలకరించాను. "ఏం సెప్పినారు?" అంటే అందరూ చేతిలో చీటీ చూపించారు. "మాత్రలు రాసిచ్చినారు" అన్నారు. ఏం జబ్బు అంటే, "రక్తంలో ఏదో అంట" అన్నారు. మా వంతు వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. బయట అంతమంది ఉంటే ఎవరైనా తొందరపడతారు. కాగితం చూసి, "కౌంట్ తగ్గింది. ఎముకలో నుంచి కొంచెం తీసి పరీక్ష చేయాలి. ఈ రక్త పరీక్షలు కూడా చేయించుకొని రండి" అన్నాడు. అంతలో తలుపు దగ్గర ఇంకొకరు వచ్చి నిలబడ్డారు.

బయటికి వచ్చాక మా ఆయన రెండే మాటలు పట్టుకున్నాడు. ఒకటి, "సూసినావా, ఈయన కూడా కౌంటు తగ్గిందనే అన్న్యాడు. నేను సెప్పిందే నిజం." రెండోది, "ఎముకలో సూది పెట్టేదానికి నేనొప్పుకోను." బస్సులో కర్నూలు నుంచి ఎమ్మిగనూరు దాకా ఆ రెండూ మార్చి మార్చి చెప్పాడు. ఇంటికి రాగానే ఎదురింటి మాత్ర వేసుకున్నాడు.

తర్వాత మూడో రోజో నాలుగో రోజో, తెల్ల పడుగు మీద నేస్తూ ఉన్నట్టుండి చేయి ఆపాడు. ముక్కు నుంచి రక్తం. పడుగు మీద మూడు చుక్కలు పడ్డాయి. ముక్కు గట్టిగా పట్టుకోమని తల వంచి కూర్చోబెట్టాను. నాకు తెలిసిన ముక్కు రక్తం నాలుగు నిమిషాలకు ఆగుతుంది. ఇది అరగంటకు గానీ ఆగలేదు. ఆయన బాధంతా పడుగు గురించే. తడిగుడ్డ తెచ్చి ఆ మూడు చుక్కలను తుడుస్తూనే ఉన్నాడు. కాసేపటికి ముఖం కొంచెం వెలిగింది.

"మే, సూసినావా? పల్చగైతాంది. మాత్ర పని సేస్తాండాది."

నేను తల ఊపాను. ఊపుతూనే లోపల ఒక మాట మొదలైంది. లావైన రక్తం మెల్లగా కదా రావాలి? చిక్కటి గంజి చిల్లిలో నుంచి కారుతుందా? పల్చనిదే కదా కారుతుంది? మొదటి రోజు చిగుళ్ల నుంచి వచ్చినప్పుడు ఇంకా మాత్ర మొదలే పెట్టలేదు. అప్పుడెందుకు కారింది? నూలుతో తేలిపోయిన లెక్క గంజి దగ్గర తేలలేదు. ఎవరిని అడగాలో తెలియలేదు. ఆదోని డాక్టరు వచ్చే రోజు ఎప్పుడా అని ఎదురుచూశాను.

మా ఆయన ఆదోనికీ రానన్నాడు. "ఆయన సూది అన్న్యాడు. ఈయనా సూదే అంటాడు."

"సూది వద్దని మనమే సెప్పుదాము. పోయి కూసుందాము, బాగలేకుంటే సూపిచ్చుకోకుండా లేసి వచ్చేద్దాము" అన్నాను. ఆ మాట మీద వచ్చాడు.

కానీ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? దాని గురించి బస్సులో ఆలోచించుకున్నాను. చదువుల అక్షరాలు నాకు తెలియవు. జనం ఎక్కువుంటే మంచి డాక్టరు అందామా అంటే కర్నూలులో చూశాం. కర్నూలు హాలులో అందరూ చూపించిన చీటీలు గుర్తొచ్చాయి. మేం కూడా బయటికి వచ్చేటప్పుడు చీటీ తప్ప ఏమీ తెచ్చుకోలేదు. కాబట్టి ఈసారి టోకెన్ తీసుకోకముందే తలుపుకు ఎదురుగా బల్ల మీద కూర్చున్నాను. వచ్చినవాళ్లను ఒకటే అడగాలి, నీ జబ్బేందో నాకు సెప్పు అని. చెప్పగలిగితే లోపలుండేది మంచి డాక్టరు.

మొదట వచ్చింది ఆలూరు వైపు నుంచి ఒక ముసలామె. వేరుశనక్కాయల కూలికి పోతుందట. పక్కన కూర్చోబెట్టుకొని అడిగాను.

"నాకు రక్తం పుడతానే ఉందంట మే. కడుపులో పుండు ఉంది. ఆడ కొంచెం కొంచెం కారిపోతాందంట. కుండకు సిల్లుంటే నీళ్లు పోసి ఏం లాభమని అడిగింది ఆయమ్మ. ముందు పుండు మానాలంట, తర్వాత ఇనుము మాత్ర" అని ఒక్క గుక్కలో చెప్పింది.

"ఆయమ్మనా? ఆడ డాక్టరా?" మళ్లీ సెలవు పెట్టి వచ్చిన మా చెల్లెలు లేచి నిలబడింది. "నేను ఆపొద్దే అనలే?"

తర్వాత సి.బెళగల్ నుంచి వచ్చిన ఒక తండ్రి. భుజం మీద చిన్నపాప నిద్రపోతోంది. ఆయన మెల్లగా చెప్పాడు. "నాలో సగం ఉందంటక్కా, దీని అమ్మలో సగం ఉందంట. సగం సగం ఉంటే మాకేం కాదు. రెండు సగాలూ కలిసి పాపకు మొత్తమై కూసుంది. మీ తప్పు కాదని రెండుసార్లు సెప్పింది." కళ్లు తుడుచుకున్నాడు. పాపకు ఎన్ని రోజులకొకసారి రక్తం ఎక్కించాలో, ఎందుకో అది కూడా చెప్పాడు.

మూడో మనిషి పెద్ద మీసాలాయన. "నాకేం అర్థం కాలేదమ్మా" అన్నాడు.  "అర్థం కాకుంటే మళ్లా లోపలికి రమ్మనింది. నీళ్లు తాగి పోతా" అన్నాడు. నిజంగానే నీళ్లు తాగి మళ్లీ లోపలికి పోయాడు.

"టోకెన్ తీసుకో" అన్నాను చెల్లెలితో.

డాక్టరమ్మ మా చెల్లెలి వయసుది. కాగితం ఒకసారి చూసి పక్కన పెట్టింది. "ఎప్పటి నుంచి?" అంది. మా ఆయన నాలుగు వారాలో ఐదు వారాలో అన్నాడు. నేను అడ్డం వచ్చి చెప్పాను. నీలం అంచు దుప్పట్ల పడుగు ఎక్కించిన రోజు కుడికాలి మీద మొదటి మచ్చ. నాలుగు రోజులకు మోచేయి. చిగుళ్లు ఆ తర్వాతి బుధవారం. చుక్కలు గురువారం. ముక్కు తెల్ల పడుగు మీద. నేను చెప్పేకొద్దీ ఆమె రాసుకుంది.

రాసుకోవడం అయ్యాక మా ఆయనను అడిగింది. "మీకేమైందని మీరు అనుకుంటున్నారు?"

ఇన్ని రోజుల్లో ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఆయన సర్దుకొని కూర్చున్నాడు. ఇరవై కౌంటు, ఎనభై కౌంటు, లావు, సన్నం, నరాలు, అన్నీ వివరంగా చెప్పాడు. ఆమె నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు. పెన్ను కింద పెట్టి, నూలుకు కౌంటు తగ్గితే లావు ఎందుకవుతుందని తిరిగి అడిగింది. ఒక కిలోలో ఎన్ని చిలపలు వస్తాయన్న లెక్క చెప్పాడు. ఆమె శ్రద్ధగా వింది.

"అయితే పల్చన చేయడానికి ఏమైనా వేసుకుంటున్నారా?"

ఆయన గోడ వైపు చూశాడు.  నేను సంచిలో నుంచి ఎదురింటి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టాను. "నేనే తెచ్చినానమ్మా" అన్నాను.

ఆమె అట్ట తిప్పి చూసింది. ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్కపెట్టింది. ముఖం మారింది కానీ గొంతు మారలేదు. "ఇవాళ్టి నుంచి ఇది ఒక్కటి కూడా వద్దు. ఒళ్లు నొప్పులన్నా, తలనొప్పన్నా నన్ను అడక్కుండా ఏ మాత్రా వద్దు" అంది. తర్వాత మెల్లగా చెప్పింది. రక్తంలో కంటికి కనపడని చిన్నచిన్న ముక్కలుంటాయట. ఎక్కడ చిల్లి పడితే అక్కడికి పోయి అతుక్కొని మూస్తాయట. రిపోర్టులో కౌంట్ అంటే వాటి లెక్క. లావు కాదు, సన్నం కాదు, ఎన్ని ఉన్నాయనే. లక్షన్నరకు పైన ఉండాల్సినవి మా ఆయనకు ఇరవై ఆరు వేలే ఉన్నాయి. ఉన్నవాటిని కూడా ఎదురింటి మాత్ర పని చేయనివ్వలేదు.

మా ఆయన భుజం మీద తువ్వాలు తీసి వెలుతురుకు పట్టి చూశాడు. "అంటే అంగుళానికి ఉండాల్సిన పోగులు లేవు" అన్నాడు.

"అదే."

"పోగులు తక్కువుంటే గుడ్డలో నుంచి కారతాది." నా వైపు తిరిగాడు. "మే, ఉల్టా సేసినాము."

నేను ఏడ్చాను. డాక్టరమ్మ నీళ్ల గ్లాసు నా ముందుకు జరిపి, "నిజం చెప్పి అట్ట బయటపెట్టారు కదా. చాలామంది దాచిపెడతారు" అంది. అప్పుడు ఆయన తన భయం బయటపెట్టాడు. ఎముకలో సూది గురించి. కర్నూలు డాక్టరు అడిగింది తప్పు కాదని, ఆ పరీక్ష అవసరం పడవచ్చని ఆమె అంది. కానీ తన అనుమానం, ఒంటిని కాచే సైన్యమే పొరపాటున ఆ ముక్కలను చంపుతోందని. ముందు దాన్ని ఆపే మాత్రలతో మూడు వారాలు చూద్దాం, లెక్క పెరగకపోతే అప్పుడు సూది, దానికి మీరు ఇప్పుడే ఒప్పుకోవాలి అంది. ఆయన చేతులు చూసుకున్నాడు. ఒప్పుకున్నాడు. అంతదాకా మగ్గం ఎక్కొద్దంది. దానికి మాత్రం చాలాసేపు బేరమాడాడు. ఆమె ఒప్పుకోలేదు.

మొదటి వారం పరీక్షకు ముప్పై ఒక్క వేలు. ల్యాబు బయట మెట్ల మీద కూర్చొని, "ఐదు వేలేనా?" అన్నాడు. ఆ వారమంతా ఎముకలో సూది తప్పదనే అన్నాడు. నేను డాక్టరమ్మ ఇచ్చిన నంబరుకు ఫోను చేసి చెబితే, "తగ్గలేదు కదా, ఆగండి" అంది. రెండో వారం యాభై ఎనిమిది. మూడో వారం తొంభై ఒకటి. కాళ్ల మీద పాత మచ్చలు పసుపు రంగుకు తిరిగాయి. కొత్తవి రాలేదు.

మళ్లీ ఆదోనికి ఆమె వచ్చిన రోజు వెళ్లాం. సూది ఇప్పటికి అక్కరలేదంది. రోజుకు రెండు గంటలు నేసుకోవచ్చంది. కానీ రేపటి నుంచి మాత్ర మెల్లగా తగ్గిస్తామని, తగ్గించేకొద్దీ లెక్క నిలబడుతుందో మళ్లీ పడిపోతుందో ఇప్పుడే చెప్పలేనని కూడా అంది. కొందరికి నిలబడుతుంది, కొందరికి పడుతుంది, పడితే వేరే దారులున్నాయి అంది. తెలియనిది తెలియదని చెప్పే మనిషి దగ్గర కూర్చుంటే భయం ఉంటుంది కానీ అనుమానం ఉండదు.

బస్టాండు ఎదురుగా ఉగ్గాని బజ్జీ దుకాణం ఉంది. ఉగ్గాని అంటే మరమరాలు నానబెట్టి తాలింపు వేసేది. ఆ మాత్రలు మొదలుపెట్టినప్పటి నుంచి మా ఆయనకు ఆకలి ఎక్కువైంది. ఆకలవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఒక ప్లేటు తిన్నాడు. రెండోది తిన్నాడు. మూడోది చెప్పబోతుంటే చెల్లెలు చేయి పట్టుకుంది.

"బావా, బొరుగులు మా ఆదోనిలో ఇంగ మిగలనీయవా?"

"మాత్ర తగ్గిస్తాండారు కదమ్మా. రేపటి నుంచి ఈ ఆకలి ఉంటాదో ఉండదో. తిననీ" అన్నాడు.

"బజ్జీ వద్దు. ఉప్పు తగ్గించమనింది" అన్నాను నేను.

"ఉగ్గాని ఒక్కటే సెప్పు."

చెప్పాను. నాకూ ఒకటి చెప్పించుకున్నాను. బస్సుకు ఇంకా అరగంట ఉంది.